నేల విడిచిన సాము వద్దు: రాయలసీమ వస్తాదులకు, కరాటే మాస్టర్లకు బహిరంగ లేఖ

ఉమ్మడి కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో కర్రసాము, కత్తిసాము నేర్పే వస్తాదులకు, తాలీంఖానా (సాధనశాల) పెద్దలకు, కరాటే, కుంగ్‌ఫూ, టైక్వాండో మాస్టర్లకు, మీ దగ్గర నేర్చుకుంటున్న పిల్లలకు నమస్కారం.

తెలుగు వికీపీడియాలో మీ విద్యల చరిత్ర గురించిన వ్యాసాలు దిద్దే వాడుకరులం ఈ లేఖ రాస్తున్నాం. ఇది జీతం లేని పని. మాకు ఆఫీసంటూ లేదు, మీ మీద ఏ అధికారమూ లేదు. మీ శిష్యులు రాత్రి రాసిపెట్టిన పేరా తెల్లారేసరికి కనిపించకపోతే ఎవరో గిట్టనివాళ్లు తీసేశారని మీకు అనిపించడం సహజమే. తీసేసేది మాలాంటి వాడుకరులే. ఎందుకు తీస్తారో, తీయకుండా నిలవాలంటే ఏం కావాలో దాచకుండా చెప్పడానికే ఈ ఉత్తరం.

వ్యాసాల్లోకి తరచూ వచ్చే పేరా దాదాపు ఒకే అచ్చులో ఉంటుంది. విద్య పేరు మార్చి చదువుకోండి: "ఈ విద్యను 5000 ఏళ్ల క్రితం అగస్త్య మహర్షి స్థాపించారు. బోధిధర్ముని ద్వారా ఇది చైనాకు వెళ్లి కుంగ్‌ఫూగా, అక్కడి నుంచి జపాన్ చేరి కరాటేగా మారింది. బ్రిటిష్‌వారు నిషేధించినా రహస్యంగా కాపాడబడి, నేడు ప్రముఖ గ్రాండ్‌మాస్టర్ ఫలానా గారి సారథ్యంలో వెలుగొందుతోంది." ఆ కింద సెల్ నంబరు, బ్యాచ్ వేళలు, నెల ఫీజు. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టుంటుంది. దీన్ని వాక్యం తర్వాత వాక్యం విప్పి చూద్దాం.

అగస్త్యుడి మాట పూర్తిగా తీసేయాల్సింది కాదు. తమిళుల కర్రసాము సిలంబంలో, కేరళ యుద్ధవిద్య కళరిలోని దక్షిణ సంప్రదాయంలో అగస్త్యుణ్ణి ఆదిగురువుగా చెప్పుకుంటారు. అది ఐతిహ్యం. అచ్చయిన పుస్తకం చూపి "సాధకులు ఇలా నమ్ముతారు" అని ఐతిహ్యాల విభాగంలో రాయొచ్చు. చరిత్ర విభాగంలో 5000 అంకెతో పెడితే మాత్రం నిలవదు. మన ఎర్రగుంట్ల పక్కనున్న కలమళ్ల శాసనం సుమారు సా.శ. 575 నాటిది. రేనాటి చోళుడు ధనంజయుడు వేయించిన ఆ శాసనమే తెలుగులో ఇప్పటికి దొరికినవాటిలో మొదటిదిగా పండితులు చెబుతారు. దానికి 3,500 ఏళ్లు వెనక్కి వెళ్లి ఒక గురువు పేరు, ఆయన స్థాపించిన విద్య పేరు చెప్పాలంటే ఏ రాతను ఆధారంగా పెడతారు?

ఇక బోధిధర్ముడు. తగాదాలన్నీ ఇక్కడే కాబట్టి కాస్త నింపాదిగా చెప్పాలి. 2011లో తమిళం నుంచి డబ్బింగయి వచ్చిన ఒక సినిమా తర్వాత ఈ పేరు ఊరూరా పాకింది. ఆయన ఫలానా ఊరివాడంటూ పోటీలు కూడా మొదలయ్యాయి. అసలు రాతల్లో ఏముందో చూడండి. బోధిధర్ముడి ప్రస్తావన ఉన్న అతి పాత చైనా గ్రంథం సా.శ. 547 ప్రాంతంలో యాంగ్ ష్వెన్‌జీ లోయాంగ్ నగరపు బౌద్ధ విహారాల మీద రాసినది. అందులో ఆయన పారశీక దేశం నుంచి వచ్చిన భిక్షువు, యోంగ్‌నింగ్ విహారపు గోపురాన్ని చూసి అబ్బురపడిన ముసలాయన. దక్షిణ భారతదేశపు ఒక గొప్ప రాజు మూడో కొడుకని చెప్పింది తాన్‌లిన్ రాసిన ముందుమాట. దావ్‌ష్వెన్ 645లో కూర్చిన భిక్షువుల చరిత్రల్లో వివరాలు ఇంకొంచెం పెరిగాయి. ఈ తొలి రాతల్లో ఆయన ధ్యానగురువు. ఎవరికీ గుద్దు నేర్పలేదు, కర్ర పట్టించలేదు.

షావోలిన్ విహారం ఆయన పెట్టింది కాదు. సా.శ. 495 ప్రాంతంలో ఉత్తర వేయి చక్రవర్తి షియావోవెన్ దాన్ని బాతువో అనే భారతీయ భిక్షువు కోసం కట్టించాడు. బోధిధర్ముడు చూశాడంటున్న యోంగ్‌నింగ్ గోపురం కట్టిందే 516లో. ఈ రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, "షావోలిన్‌ను స్థాపించిన బోధిధర్ముడు" అనే వాక్యం దానంతటదే రాలిపోతుంది.

షావోలిన్ భిక్షువులు యుద్ధం చేసిన మాట నిజమే. 621లో, తర్వాత చైనా చక్రవర్తి అయిన లీ షిమిన్ పక్షాన పోరాడినందుకు దక్కిన మర్యాదలు, 13 మంది భిక్షువుల పేర్లు 728 నాటి శిలాశాసనంలో ఉన్నాయి. వాళ్లు ఏ పద్ధతిలో పోరాడారో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో అందులో లేదు. అక్కడి కర్రసాము వివరంగా రాతకెక్కింది 17వ శతాబ్ది తొలినాళ్లలో, చెంగ్ జోంగ్‌యో రాసిన గ్రంథంతో. ఆ గ్రంథం కర్రవిద్యకు మూలపురుషుడిగా చెప్పింది బోధిధర్ముణ్ణి కాదు, కిన్నరుణ్ణి. విహారం వంటశాలలో పనిచేసే మనిషి రూపంలో ఉన్న కిన్నరుడు పొయ్యిలో కట్టె పట్టుకుని దొంగల దండును తరిమాడని కథ. మన పురాణాల్లోని కిన్నరుడే, బౌద్ధం వెంట నడిచి అంత దూరం పోయాడు. మన విద్య చైనాకు పోయిందని చెప్పాలని ఉబలాటపడేవారు నిజంగా పోయిన ఈ కిన్నరుణ్ణి వదిలేసి, పోయినట్టు ఆధారం లేని గుద్దుల వెంట పడుతున్నారు.

మరి బోధిధర్ముడి పేరు వ్యాయామానికి ఎప్పుడు అంటుకుంది? కండరాలను మార్చే పద్ధతులు చెప్పే యీజిన్‌జింగ్ అనే పుస్తకంతో. దాని రచన 1624 నాటిదని పండితుల లెక్క. ముందుమాటలు మాత్రం ఒకటి 628లో సేనాని లీ జింగ్, ఇంకొకటి 1142లో న్యూ గావ్ రాసినట్టుంటాయి. రెండూ కల్పితమని తాంగ్ హావ్ అనే చైనా చరిత్రకారుడు 1930లలోనే తేల్చాడు. పైగా ఆ పుస్తకం చెప్పేది శ్వాస, కండబలం గురించి. బోధిధర్ముడే షావోలిన్ ముష్టియుద్ధం కనిపెట్టాడన్న మాట 20వ శతాబ్ది మొదట్లో నవలల ద్వారా, చవక పుస్తకాల ద్వారా జనంలోకి వెళ్లింది. కాబట్టి వ్యాసంలో రాయగలిగేది ఇంతే: ఇది 17వ శతాబ్ది తర్వాత పెరిగిన ఐతిహ్యం, ఫలానా రాతల్లో ఇలా ఉంది. ఈ ఒక్క వాక్యానికి మూడు మూలాలు పెట్టొచ్చు. "మన భారతీయుడే చైనాకు నేర్పాడు" అన్నదానికి ఒక్కటి కూడా నిలవదు.

కరాటే దగ్గరికి వస్తే దారి ఇంకోలా ఉంటుంది. అది ఒకినావా దీవుల విద్య. చైనాలోని ఫూజియెన్ తీరంతో ఆ దీవులకు ఉన్న రాకపోకల ముద్ర దాని మీద ఉంది. ఫునాకోషి గిచిన్ 1922లో టోక్యోలో ప్రదర్శన ఇచ్చిన తర్వాతే జపాన్ ప్రధాన భూభాగంలో అది వ్యాపించింది. పేరు రాసే అక్షరాలకు మొదట "చైనా చెయ్యి" అని అర్థం. "ఖాళీ చెయ్యి" అనే అర్థమిచ్చే అక్షరాలను 1905లోనే హనాషిరో చోమో వాడాడు. 1936 అక్టోబరులో నాహాలో ఒకినావా గురువులు కూర్చుని వాటినే ఖాయం చేశారు. ఒక విద్య తన పేరు మార్చుకున్న సందర్భానికి కూడా తేదీ దొరుకుతోంది చూడండి. టైక్వాండో "2000 ఏళ్ల నాటిది" అని రాసే కుర్రాళ్లకు ఒక్క మాట. ఆ పేరు పెట్టింది 1955లో.

బ్రిటిష్ నిషేధం సంగతి మన జిల్లాలకు దగ్గరిది, అందుకే ఇంకా జాగ్రత్త కావాలి. నిజాం 1800లో దత్తమండలాలను కంపెనీకి ఇచ్చాడు. ఆ ఏడాది నుంచి 1807 దాకా ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో సుమారు 80 మంది పాలెగాళ్లను అణచి, వాళ్ల సాయుధ బలగాలను చెదరగొట్టాడు. ఇది రికార్డు. 1878 ఆయుధాల చట్టం లైసెన్సు లేకుండా ఆయుధాలు పెట్టుకోవడాన్ని అడ్డుకుంది. ఇదీ రికార్డే. ఈ రెండింటి నుంచి "కర్రసామును నిషేధించారు" అనే వాక్యం పుట్టదు. దానికి ఉత్తర్వు, దాని తేదీ కావాలి. "1800లో కర్నూలులో బ్రిటిష్‌వారు" అని రాస్తే ఇంకో తప్పు కూడా కలుస్తుంది. కర్నూలు 1839 దాకా నవాబుల చేతిలో ఉంది. అనంతపురం 1882లో బళ్లారి నుంచి విడిపడే దాకా జిల్లానే కాదు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న ఉరితీసిన కోయిలకుంట్ల అప్పటికి కడప జిల్లాలోది. లేపాక్షి, పెనుకొండలు 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. పాత మూలంలో ఏ జిల్లా ఉంటే అది రాసి, "ప్రస్తుతం" అని కొత్తది పక్కన చేర్చండి. మూలంలోని మాటను మార్చి రాస్తే తర్వాత వెతికేవాడికి ఆ పుస్తకంలో ఆ ఊరు దొరకదు.

గ్రాండ్‌మాస్టరు గారి వాక్యం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఫోను నంబరు, ఫీజు వెంటనే పోతాయి. "ప్రముఖ", "సుప్రసిద్ధ", "అలుపెరగని" కూడా పోతాయి. "10వ డాన్" (బ్లాక్ బెల్టులో అంతస్తు) అంటే ఏ సంస్థ, ఏ సంవత్సరం ఇచ్చిందో ఉండాలి. ఎదుటి క్లబ్బు గురువు మీద ఆరోపణలు రాస్తే, బతికున్న మనిషి కాబట్టి చర్చ కూడా లేకుండా తీసేస్తాం. ఆ నియమం మీకూ కాపే.

ఇన్ని తీసేస్తే ఇక రాయడానికి ఏం మిగిలిందని అడగొచ్చు. మిగిలింది చిన్నదేమీ కాదు. విజయనగరానికి వచ్చిన ఇద్దరు పోర్చుగీసుల రాతలనే తీసుకోండి. రాబర్ట్ సూయెల్ 1900లో వాటిని ఇంగ్లీషులోకి తెచ్చాడు. సుమారు 1520లో వచ్చిన డొమింగో పయస్ కృష్ణదేవరాయల తెల్లవారుజాము సాధన చెబుతాడు. ఇంకా చీకటి ఉండగానే ఒక క్వార్టిల్యో నువ్వుల నూనె తాగడం, ఒంటికంతా అదే నూనె పట్టించడం, మట్టితో చేసిన పెద్ద బరువులు ఎత్తడం, తాగిన నూనె చెమటగా బయటికి వచ్చేదాకా కత్తి తిప్పడం, తర్వాత తన మల్లుల్లో ఒకడితో కుస్తీ, ఆ పైన గుర్రపు స్వారీ. క్వార్టిల్యో అంటే ముప్పావు పింటు అని సూయెల్ వివరణ, మన లెక్కలో సుమారు 425 మిల్లీలీటర్లు. వ్యాసంలో మూలంలోని కొలతే రాసి, మిల్లీలీటర్లు కుండలీకరణంలో పెట్టాలి. "అరలీటరు" అని గుండుగుత్తగా రాసేస్తే వచ్చే ఏడాదికి అది లీటరవుతుంది.

సుమారు 1535లో రాసిన గుర్రాల వ్యాపారి న్యూనిజ్ ఇంకో సంగతి చెబుతాడు. మహర్నవమి పండుగల్లో రాజుకు వెయ్యి మంది మల్లులుండేవారట. వాళ్ల కుస్తీ పోర్చుగీసు పద్ధతి కాదట. చేతుల్లో మొనలున్న కడియాల్లాంటివి పట్టుకుని ఒకరినొకరు గాయపరుచుకునేవారట. రాణివాసపు కొలువులో కుస్తీ పట్టే ఆడవాళ్లు కూడా ఉన్నారని రాశాడు. చేతికి మొనల ఆయుధం తొడిగి పట్టే కుస్తీ వజ్రముష్టి చరిత్రకు, ఆడవాళ్ల మల్లవిద్యకు ఇంతకన్నా ఘనమైన సరుకు ఏం కావాలి? ఇక్కడ కూడా గీత దాటకూడదు. "న్యూనిజ్ ప్రకారం" అన్న మాట వాక్యంలో ఉండాలి. వెయ్యి అనేది ఆయన చెప్పిన అంకె, ఎవరూ తలలు లెక్కపెట్టలేదు. హంపీ మహర్నవమి దిబ్బ మీద చెక్కిన మల్లుల బొమ్మ పక్కన పెడితే అందం. ఆ మల్లుల విద్యే ఫలానా ఊరి తాలీంలో నేటికీ నడుస్తోందని కలిపితే అది సొంత పరిశోధన (ఏ మూలంలోనూ లేని మన ఊహ) అవుతుంది, తీసేస్తాం.

వీరగల్లులదీ (పోరులో చనిపోయిన వీరుల స్మారక శిలలు) ఇదే తంతు. సీమలో పొలం గట్టు మీద, గుడి వెనక, చెరువు కట్ట కింద అడుగడుగునా ఉన్నాయి. ఒక చేత కత్తి, ఇంకో చేత డాలు. దాన్ని చూసి "కత్తిసాములో రెండో అడుగు" అని రాయకండి. ఏ ఊరు, శాసనం ఉందా, ఉంటే పురావస్తు శాఖ నివేదికల్లో దాని సంఖ్య ఎంత, చేతుల్లో ఏమున్నాయి, ఇంతవరకే. శిల్పి వీరుడు చచ్చిపోయిన తీరు చెక్కాడు, నేర్చుకున్న తీరు చెక్కలేదు.

దేవరగట్టు బన్ని మీద జరిగే వాదన వేరే రకం. కర్నూలు జిల్లా హొళగుంద మండలంలో దసరా రాత్రి మాళమల్లేశ్వర స్వామి కల్యాణం తర్వాత ఉత్సవ మూర్తుల కోసం ఊళ్లవాళ్లు ఇనుప తొడుగుల కర్రలతో, దివిటీలతో తలపడే జాతర అది. దాన్ని "కర్రసాము" వర్గంలో చేర్చాలని కొందరు, వద్దని కొందరు. మా మటుకు వద్దనే అంటాం. కర్ర ఉన్నంత మాత్రాన అది సాము కాదు. సాముకు నేర్పే గురువు, వరస, అడుగు ఉంటాయి. బన్ని మొక్కు, హక్కు, ఊరి పంతం. "ఇవి కూడా చూడండి" కింద లంకె ఇస్తే చాలు. గాయపడినవారి సంఖ్య ఏటా పత్రికకో తీరుగా వస్తుంది. పెద్ద అంకె ఏరుకోకుండా పత్రిక పేరు, తేదీతో రెండూ రాయండి. పీర్ల పండుగలో అలావా (నిప్పుల గుండం) దగ్గర జరిగే కర్రసాము, కత్తిసాము మాత్రం వ్యాసంలో ఉండాల్సిన విషయం. అది లేకుండా సీమలో సాము చరిత్ర రాస్తే సగం మనుషుల్ని బయట నిలబెట్టినట్టే. మతం చూసి ఆ పేరాలు తుడిచే చేతులు రెండు వైపులా ఉన్నాయి, రెంటినీ వెనక్కి తిప్పుతాం.

ఇక పని చేసే పద్ధతి. మీ గురించి, మీ క్లబ్బు గురించి మీరే వ్యాసంలోకి వెళ్లి రాయకండి, శిష్యుడి చేత కూడా రాయించకండి. వ్యాసం పైన "చర్చ" అనే మీట ఉంటుంది. అక్కడ కొత్త విభాగం పెట్టి, మీకు ఆ క్లబ్బుతో సంబంధమేమిటో మొదటి వాక్యంలోనే చెప్పండి. చేర్చమనే వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాసి, కింద మూలం ఇవ్వండి. చివర నాలుగు టిల్డా గుర్తులు (~~~~) పెడితే మీ పేరు, సమయం వాటంతటవే పడతాయి. ఒక వారం ఆగండి. ఎవరూ పలకకపోతే రచ్చబండలో (వాడుకరులందరూ చర్చించుకునే వికీపీడియా పేజీ) అడగండి. తీసేసిన పేరాను మళ్లీ మళ్లీ పెడితే మాత్రం, 24 గంటల్లో మూడు తిరుగుసేతలు (ఎదుటివారి దిద్దుబాటును వెనక్కి తిప్పడాలు) దాటాక ఖాతా మీద నిరోధం పడుతుంది. ఒకే క్లాసు పిల్లలు ఒకే గంటలో అయిదు కొత్త ఖాతాలతో వచ్చి "ఇది నిజం" అని ఓట్లు వేస్తే అయిదూ ఒక్కటిగానే లెక్క. పైగా ఆ పిల్లల ఖాతాలు పోతాయి, వాళ్లు రేపు మంచి పని చేయబోయినా అనుమానమే.

మూలం అంటే ఏమిటో కూడా చెప్పాలి. పత్రికల జిల్లా ఎడిషన్ల ఈ-పేపర్ లంకెలు ఎక్కువ రోజులు బతకవు. కాబట్టి లంకె ఒక్కటే ఇవ్వకండి. పత్రిక పేరు, ఏ ఎడిషన్, తేదీ, పుట, శీర్షిక రాయండి. లంకె తెరుచుకుంటున్నప్పుడే వెబ్ పేజీల నకళ్లు దాచే వేబ్యాక్ మెషీన్‌లో భద్రపరిచి ఆ చిరునామా కూడా జతచేయండి. సంఘం ఇచ్చిన సర్టిఫికెట్, యూట్యూబులో గురువు గారి సొంత ఇంటర్వ్యూ, క్లబ్బు కరపత్రం మీ గురించి మీరు చెప్పుకున్నవే. స్థాపించిన తేదీలాంటి చిన్న వివరానికి పనికొస్తాయి, "రాష్ట్రంలో మొట్టమొదటి" అనడానికి పనికిరావు.

గుండ్రంగా తిరిగే మూలం ఇంకా ప్రమాదం. ఎవరో ఆధారం లేకుండా వికీపీడియాలో ఒక వాక్యం రాస్తారు. దాన్ని చూసి ఆదివారం అనుబంధంలో వ్యాసం వస్తుంది. మూడేళ్ల తర్వాత ఇంకెవరో ఆ అనుబంధాన్నే అదే వాక్యానికి మూలంగా పెడతారు. ఇక అది రాయి మీద చెక్కినట్టే. పట్టుకునే ఉపాయం సులువు. "చరిత్ర" మీట నొక్కి ఆ వాక్యం మొదట ఏ రోజు చేరిందో చూడండి, పెద్ద వ్యాసమైతే వికీబ్లేమ్ అనే పనిముట్టు వెతికిపెడుతుంది. పత్రిక తేదీ దాని తర్వాతిదై, ఆ పత్రిక వేరే ఆధారమేదీ చూపకపోతే ఆ మూలం చెల్లదు.

మన జిల్లాల పాత మూలాలు అందుబాటులోనే ఉన్నాయి. గ్రిబుల్ కడప మాన్యువల్ 1875లో, గోపాలకృష్ణమ చెట్టి కర్నూలు మాన్యువల్ 1886లో, ఫ్రాన్సిస్ అనంతపురం గెజిటీరు 1905లో, బ్రాకెన్‌బరీ కడప గెజిటీరు 1915లో వచ్చాయి. కడప జిల్లా మెకంజీ కైఫీయత్తులను (ఊళ్ల స్థానిక చరిత్రలను) కడపలోని సి.పి. బ్రౌన్ గ్రంథాలయం సంపుటాలుగా తెచ్చింది. మాటల వయసు తెలియాలంటే బ్రౌన్ నిఘంటువు ఉంది, 1852 నాటిది. "గరిడి", "సాము" లాంటి మాటలు అప్పటికి ఏ అర్థంలో వాడుకలో ఉన్నాయో అందులో చూసి చెప్పొచ్చు. ఇంగ్లీషు దొరలు రాసిన చోట వాళ్ల చూపు కూడా ఉంటుంది, అది గుర్తుపెట్టుకుని "ఫలానా గెజిటీరు ప్రకారం" అని రాయాలి. దొరికింది రాయండి, దొరకనిది ఉన్నట్టు రాయకండి.

ఇంగ్లీషు వ్యాసాన్ని యంత్రం చేత తెలుగులోకి మార్చి పెట్టే కుర్రాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. కర్ర అనే అర్థంలో ఉన్న స్టాఫ్‌ను యంత్రం "సిబ్బంది" చేస్తుంది. "షావోలిన్ సిబ్బంది పద్ధతి 17వ శతాబ్దంలో అభివృద్ధి చెందింది" అని చదివితే అదేదో ఉద్యోగ సంఘమనిపిస్తుంది. లాక్ "తాళం" అవుతుంది, అది "పట్టు" కావాలి. స్కూల్ అన్నచోటల్లా "పాఠశాల" పడుతుంది, చాలాచోట్ల అది "సంప్రదాయం". ఫారం అన్నది దరఖాస్తు కాదు, "వరస" లేదా జపాన్ విద్యల్లో "కాటా". చైనా పేర్లు రోమన్ లిపిలో చూసి ఇంగ్లీషులా పలకకండి. "క్విగాంగ్" కాదు చీగోంగ్, "జింగి" కాదు షింగ్‌యీ. జపాన్ పేర్లలో ఇంటిపేరు ముందు రావాలి, మనకు అది కొత్తేమీ కాదు. 17వ శతాబ్దమంటే 1600ల కాలమని మరిచి 1700లు రాసేయడం రోజూ చూసే తప్పు. అనువాద పనిముట్టు యంత్రం ఇచ్చిన పాఠాన్ని దిద్దకుండా వదిలేస్తే ఒక హద్దు దాటాక ప్రచురించనివ్వదు. ఆ హద్దు తప్పించుకోవడానికి నాలుగు మాటలు అటూ ఇటూ మార్చి పెట్టేవారు, దయచేసి ఆ పని మానుకుని రెండు పేరాలే అయినా చేత్తో రాయండి. మొలక వ్యాసం (ఇంకా పెరగాల్సిన చిన్న వ్యాసం) తప్పు కాదు.

ఫొటోలు మీ దగ్గరే ఉన్నాయి, మా దగ్గర లేవు. ఒక ఫొటో హక్కు మామూలుగా తీసినవాడిది, అందులో ఉన్నవాడిది కాదు. కాబట్టి తీసిన మనిషే కామన్స్‌లోకి (వికీపీడియాలు వాడుకునే ఫొటోలు, వీడియోల భండారం) ఎక్కించాలి. వాట్సాప్‌లో తిరిగిన బొమ్మ కాకుండా ఫోనులోని అసలు ఫైలు కావాలి. వీడియో ఎంపీ4 అయితే కామన్స్ తీసుకోదు, వెబ్‌ఎమ్‌గా మార్చాలి. వివరణలో ఊరు, తేదీ, ఏ వరస, కర్ర ఎంత పొడవు, ఏ కట్టె, ఒంటిచేతి పట్టా రెండుచేతుల పట్టా రాయండి. "మా మాస్టర్ గారు" అని రాసిన ఫొటో ఎవరికీ పనికిరాదు. కర్ర మధ్యలో చేతులు ఎక్కడున్నాయో కనిపించే ఫొటో ఒకటి ఉంటే వ్యాసం నిలబడుతుంది. పిల్లల ఫొటోలైతే తల్లిదండ్రుల అనుమతి లేకుండా వద్దు, పేర్లు అసలే వద్దు.

మీ నోట మాత్రమే ఉన్న విద్య సంగతి మిగిలింది. అడుగుల పేర్లు, వరసల పేర్లు, దెబ్బల పేర్లు, ఏ ఊరి వస్తాదు ఎవరికి నేర్పాడన్న వరస. ఇది అచ్చు కాలేదు కాబట్టి నేరుగా వికీపీడియాలో చేర్చలేం. నియమం కఠినంగానే ఉంది, దానివల్ల నష్టం కూడా ఉంది, కాదనం. దానికి దారి అచ్చు వేయించడమే. 32 పుటల చిన్న పుస్తకమైనా సరే, రచయిత పేరు, ఊరు, సంవత్సరం, ప్రెస్సు పేరు ఉండాలి. ఐఎస్‌బీఎన్ మన దేశంలో ఉచితంగానే ఇస్తారు. జిల్లా కేంద్ర గ్రంథాలయానికి, బ్రౌన్ గ్రంథాలయానికి రెండేసి ప్రతులు ఇవ్వండి. అంతకన్నా మంచిది, విశ్వవిద్యాలయంలో చరిత్రో జానపద విజ్ఞానమో పరిశోధించే పిల్లలు వచ్చినప్పుడు కూర్చోబెట్టి చెప్పండి. వాళ్ల సిద్ధాంత గ్రంథం మీ సొంత పుస్తకం కన్నా బలమైన మూలమవుతుంది.

అన్నిటికన్నా తొందరగా పోతున్నవి పాత కాగితాలు. జాతరలో కుస్తీ పోటీల గోడపత్రికలు, తాలీంఖానా చందా పుస్తకాలు, దసరా ప్రదర్శనల కరపత్రాలు, బహుమతి పత్రాలు. మీరు వెతుకుతున్న 5000 ఏళ్ల కన్నా ఆ ఒక్క గోడపత్రిక మీద ఉన్న తేదీ బరువైనది. లామినేషన్ చేయించకండి, ఆ వేడికి పాత కాగితం, సిరా పాడవుతాయి, మళ్లీ విడదీయలేరు. సెల్లోటేపు అంటించకండి, కొన్నేళ్లకు గోధుమరంగు మరక మిగులుతుంది. మడత విప్పి, రంగుల్లో, 300 డీపీఐకి తగ్గకుండా స్కాన్ చేసి టిఫ్‌గా దాచుకోండి. పంచుకోవడానికి జేపెగ్ చాలు. రచయిత పేరు లేని అచ్చు కాగితానికి మన చట్టంలో ప్రచురించిన తర్వాత 60 ఏళ్ల దాకా హక్కులుంటాయి. కామన్స్‌లో అమెరికా చట్టం కూడా చూస్తారు. కాబట్టి ఎక్కించే ముందు చర్చ పేజీలో అడగండి, స్కాన్ మాత్రం ఆ జవాబు కోసం ఆపకండి. వెనకవైపు ఖాళీగా కనిపించినా రెండు వైపులూ తీయండి. ప్రెస్సు పేరు, ఊరు, కొన్నిసార్లు నెల, సంవత్సరం కాగితం అడుగున అన్నిటికన్నా చిన్న అక్షరాల్లో ఉంటాయి. స్కానరులో అంచు కత్తిరించుకుపోయేది కూడా ముందుగా ఆ వరసే.

ఇట్లు,
తెలుగు వికీపీడియాలో యుద్ధవిద్యల వ్యాసాలు దిద్దే
కడప, కర్నూలు, అనంతపురం వాడుకరులు